ఆంధ్రపథమున సుంకములు: మోటుపల్లి నుండి గుడియాత్తము వరకు

వేలూరునకు చేరువను, నీవా నదీతీరమున, తిరువలము అను ప్రాచీన క్షేత్రము కలదు. ఈ నదిని తమిళులు పొన్నై యందురు. ఇచటి బిల్వనాథేశ్వరాలయమున బాణరాజుల కాలపు శాసనములు పెక్కులు లభించినవి. వానిలో బాణులేలిన సీమకు 'వడుగవళి పన్నెండువేలు' అను పేరు కనిపించును. వడుగు అనగా తెలుగు. వళి అనగా బాట. ఉదయేందిరమున దొరకిన బాణుల తామ్రశాసనము ఈ సీమనే ఆంధ్రపథమునకు పడమటనున్న భూమి యని సంస్కృతమున వర్ణించినది. అనగా వేయేండ్లకు పూర్వమే తెలుగు దేశమునకు పోవు బాట యొకటి ఈ ప్రాంతమునకు గురుతుగా నుండెనని తెలియుచున్నది.

బాట యున్నచోట సరకు నడచును. సరకు నడచుచోట సుంకముండును. విదేశమునుండి వచ్చు సరకుపై రేవునందు గైకొను పన్ను దిగుమతి సుంకము. దేశములోపల బాటలపై గైకొనునది మార్గసుంకము. సుంకము తక్కువయైన మేలు, ఎక్కువయైన కీడు అని సామాన్యముగా తలంతురు. కాని సుంకము యొక్క స్వభావము కేవలము దాని మొత్తమును బట్టి తెలియదు. దానిని నిర్ణయించినవారెవరు, అది వర్తకునకు ముందుగా తెలియునా, దాని భారము తుదకెవరిపై బడును అను మూడు విషయములను విచారింపవలెను. ఇందుకు తెలుగువారి చరిత్రలోని మోటుపల్లి శాసనమును, గుడియాత్తము వంటి నేతయూళ్లపై తన నీడను చాచిన 1896 నాటి వస్త్రసుంకమును సరిపోల్చి చూచుట యుక్తము.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలమున ప్రసిద్ధమైన రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244లో, అచట ఒక అభయశాసనమును వేయించెను. పూర్వపు రాజులు తుపానులకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు వానిని బలిమిని అపహరించుచుండిరి. ప్రాణములకన్న ధనమే మిన్నయని సముద్రమునకు తెగించి వచ్చు వర్తకులయందు దయ తలచి, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వస్వమును వారికే విడిచితిమని చక్రవర్తి అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులు రెండింటికిని ముప్పదింట ఒక వంతు సుంకమని నిర్ణయించెను. ఇది నేటి లెక్కను నూటికి 3⅓.

ఆ శాసనమున చందనము, కర్పూరము, చీనకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగు సరకుల పట్టిక కలదు. కొన్నిటికి వెలను బట్టియు, పోకల వంటివానికి లక్షకింత అని లెక్కను బట్టియు సుంకము విధింపబడినది. మూల్యానుసారము, పరిమాణానుసారము అని నేటి సుంకశాస్త్రము చెప్పు రెండు పద్ధతులును అందు అప్పటికే కలవు. అంతకన్న ముఖ్యమైనది, ఈ పట్టిక రాతిపై చెక్కబడి రేవునందే నిలుపబడుట. ఓడ దిగిన వర్తకుడు తాను చెల్లింపవలసిన దెంతయో అధికారి నడుగక యే తెలిసికొనగలడు. అధికారియు అంతకు మించి కోరజాలడు.

తరువాత నూరేండ్లకు పైబడి, 1358లో, కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కాలమున మోటుపల్లిలోనే మరియొక శాసనము వెలసినది. వచ్చిన వర్తకులు తమ సరకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, వెడలిపోగోరినప్పుడు వారిని నిర్బంధింపరాదనియు, పుత్రులు లేక మరణించినవారి సొత్తును రాజు గైకొను ఆచారము మానితిమనియు అందు చెప్పబడినది. ఈ శాసనము తెలుగుతోపాటు తమిళమునను చెక్కబడుట గమనింపదగినది. చెల్లించువాని భాషలో చెప్పినగాని సుంకశాసనము సార్థకము కాదని ఆనాటి పాలకులెరిగియుండిరి.

ఇక ఈ సీమకు వత్తము. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము ఈస్టిండియా కంపెనీ వశమైన పిమ్మట ఉత్తరార్కాడు జిల్లా ఏర్పడినది. ఆ కాలమున సాయరు అను పేర మార్గసుంకములు ఉండెను. సరకు పోవు త్రోవలందు చౌకీలు, వానిని దాటుటకు రహదారి పత్రములు ఉండెను. ఒక్క రేవున ఒక్కమారు చెల్లించు సుంకమునకును, దారి పొడవున తనిఖీకి నిలిచి చెల్లించు సుంకమునకును భేదము మిక్కుటము. రెండవదానిలో ధనముతోపాటు కాలమును పోవును. అధికారి దయాదాక్షిణ్యములకు లోబడవలసి వచ్చును. ఈ సుంకములు బంగాళమున 1836లోను, బొంబాయి రాజధానిలో 1838లోను, మద్రాసు రాజధానిలో 1844లోను రద్దైనవి. అటుపై 1856లో రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణ దేశపు మొదటి రైలుమార్గము తెరవబడి, క్రమముగా గుడియాత్తము మీదుగా పడమటికి సాగినది. మద్రాసు రేవున దిగిన సీమబట్టయు సీమనూలును లోనాటి సంతలకు అడ్డులేక చేరుటకు త్రోవ యేర్పడెను.

అప్పటినుండి నేతగాని బ్రతుకు రేవునందలి సుంకముతో ముడివడినది. 1859లో సామాన్య దిగుమతి సుంకము నూటికి 10కి పెంపబడెను. లాంకషైరు మిల్లుదారుల ఒత్తిడిచే వస్త్రసుంకము క్రమముగా తగ్గి, 1882లో రిప్పన్ ప్రభువు కాలమున ఉప్పు, మద్యము వంటి కొన్ని తప్ప తక్కిన దిగుమతి సుంకములన్నియు ఎత్తివేయబడినవి. ప్రభుత్వమునకు ధనము చాలక 1894లో మరల విధింపబడెను. 1896లో విదేశ వస్త్రముపై నూటికి 3½ సుంకము నిర్ణయించి, దానికి సరిగా ఈ దేశపు మిల్లులలో నేసిన వస్త్రముపైనను నూటికి 3½ ఎక్సైజు పన్ను వేసిరి.

ఇచట రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. 1244లో నూటికి 3⅓. 1896లో నూటికి 3½. భేదము అత్యల్పము. కాని మొదటిది తన రేవు వృద్ధికై ఆ దేశపు ప్రభువు తానే నిర్ణయించినది. రెండవది పరదేశపు మిల్లుల లాభమునకు భంగము రాకుండుటకై కూర్పబడినది. అంకె ఒక్కటియే, నీతి వేరు.

అయినను నిష్పక్షపాతముగా ఒక మాట చెప్పవలెను. ఆ ఎక్సైజు మిల్లుబట్టకే గాని చేతిమగ్గపు బట్టకు లేదు. 1896లో దిగుమతి నూలుపై సుంకమును తొలగింపబడెను. కావున గుడియాత్తము వంటి యూళ్ల చేనేతవారికి ఆ చట్టమువలన కొంత వెసులుబాటే కలిగినది. ఒకే సుంకపు పట్టిక మిల్లుదారునకు కీడును, మగ్గపువానికి స్వల్పమైన మేలును చేసెను. కాని అంతకు పూర్వమే అగ్గువబట్ట సంతలను ఆక్రమించియుండుటచే ఆ మేలు నష్టమును పూడ్చునంతటిది కాదు. పెక్కేండ్ల ఆందోళన ఫలితముగా 1925లో ఎక్సైజు నిలుపబడి, 1926లో రద్దయ్యెను.

స్వాతంత్ర్యానంతరము దిగుమతి సుంకమును విధించు అధికారము రాజ్యాంగముచే కేంద్రమునకు చెందినది. 1962 నాటి కస్టమ్స్ చట్టము, 1975 నాటి సుంకపట్టికల చట్టము ఇప్పటి వ్యవస్థకు ఆధారములు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, గుడియాత్తమునకును చిత్తూరునకును నడుమ రాష్ట్రపు ఎల్ల పడినపుడు, బాటపై పన్నుల తనిఖీ కేంద్రములు మరల వెలసినవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలుకు వచ్చుటతో వాణిజ్యపన్నుల తనిఖీ కేంద్రములు తొలగినవి.

ఈనాడు విదేశపు పట్టునూలు పైననో, రంగుల పైననో సుంకము మారినదని పత్రికలలో చదివినపుడు, అంకెను మాత్రము చూచి సంతసించుటయు, వగచుటయు తగదు. ఆ సుంకమువలన నూలు కొనువానికేమగును, బట్ట అమ్మువానికేమగును అని వేర్వేరుగా అడుగవలెను. మోటుపల్లి రాతిపలక నేర్పునది ఇదియే: సుంకము అందరికి తెలియునట్లుండవలెను, నియతమై యుండవలెను, దానిని చెల్లించు ప్రజల మేలునకై యుండవలెను.