నొక్కమన్నారు, వదలమని చెప్పలేదు



మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ల్యాబ్‌లో తొలిరోజు "మౌస్ నొక్కు" అన్నారు. నొక్కి అలాగే పట్టుకున్నా. అందరూ నవ్వారు. వదలమని ఎవరూ చెప్పలేదు మరి.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ చూపించిన మౌస్‌కి మూడు బటన్లు. ఏది నొక్కాలో తికమక ఉండొద్దని 1984లో ఆపిల్ మాకింతోష్‌కి ఒక్క బటనే పెట్టారు. కానీ ఆ ఒక్కదానితోనే చాలా పనులు! అందుకే విడివిడి పేర్లు కావాలి: నొక్కి వదిలితే క్లిక్, వెంటవెంటనే రెండుసార్లయితే డబుల్ క్లిక్, నొక్కిపట్టి జరిపితే డ్రాగ్. 1995లో విండోస్ 95 వచ్చాక రైట్ క్లిక్ కూడా మామూలైపోయింది.

అందుకే మన జూనియర్లకి నోట్స్ రాసేటప్పుడు "ఎడమ బటన్ ఒకసారి నొక్కి వదులు" అని రాద్దాం. ఒక పనికి చివరిదాకా ఒకే మాట వాడదాం. ఇంకెవరూ నవ్వులపాలు కాకూడదు.