కణ గ్రాహకాల గణిత నమూనా

కణ గ్రాహకాల గణిత నమూనా అనగా హార్మోను, నాడీ సందేశక పదార్థం లేదా ఔషధం కణంపై గల గ్రాహకానికి ఎంత మేరకు అంటుకొంటుందో, దానివలన కణం ఎంతగా స్పందిస్తుందో సమీకరణాల ద్వారా లెక్కగట్టే పద్ధతి. గ్రాహకాన్నే రిసెప్టార్ అనికూడా వ్యవహరిస్తారు.

చరిత్ర

నికోటిన్, క్యురారే అనే పదార్థాలు కండరంపై పరస్పర విరుద్ధంగా పనిచేయడం గమనించిన జాన్ లాంగ్లీ, కణంలో వాటిని గ్రహించే పదార్థమొకటి ఉన్నదని 1905లో ప్రతిపాదించాడు. 1909లో ఆర్చిబాల్డ్ హిల్ దీనికి తొలి సమీకరణం కట్టాడు. అప్పటికి గ్రాహకాన్ని ఎవరూ వేరుచేసి చూడలేదు. లెక్క ముందు వచ్చింది, వస్తువు దశాబ్దాల తరువాత చేతికి చిక్కింది.

ప్రాథమిక సమీకరణం

నిండిన గ్రాహకాల వంతు = గాఢత ÷ (గాఢత + విఘటన స్థిరాంకం)

సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన గాఢతే విఘటన స్థిరాంకం. గాఢత దానికి 9 రెట్లయితే 90 శాతం, 99 రెట్లయితే 99 శాతం గ్రాహకాలు నిండుతాయి.

నిండిన వంతుకు అనుపాతంలోనే స్పందన ఉంటుందనుకోవడం సరికాదు. అంటుకోవడం వేరు, పని చేయించడం వేరు అని 1956లో స్టీఫెన్‌సన్ వివరించాడు. నాడీ కండర సంధిలో సుమారు 75 శాతం గ్రాహకాలు మూసుకొనేవరకు సందేశ ప్రసారం దెబ్బతినదని పాటన్, వాడ్ 1967లో చూపారు.

పోటీ, విరుగుడు

ఒకే గ్రాహకం కోసం రెండు పదార్థాలు పోటీపడే సందర్భానికి 1937లో జాన్ గాడమ్ సమీకరణం ఇచ్చాడు. సిద్దిపేట జిల్లా మిరుదొడ్డి వంటి వ్యవసాయ ప్రాంతాలలో పురుగుమందుల వాడకం ఉన్నందున ఈ సమీకరణం పాఠ్యపుస్తకానికే పరిమితమైనది కాదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు శరీరంలో చేరితే ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము పనిచేయదు, ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. అట్రోపిన్ దానితో పోటీపడి మస్కరినిక్ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. ఎసిటైల్‌కోలిన్ 10 రెట్లు పెరిగినపుడు దాని ప్రభావాన్ని పూర్వస్థితికి తేవాలంటే, అట్రోపిన్ గాఢత తన విఘటన స్థిరాంకానికి 9 రెట్లు ఉండాలి; 100 రెట్లు పెరిగితే 99 రెట్లు ఉండాలి. అందరికీ ఒకే మోతాదు సరిపోకపోవడానికి, ఊపిరితిత్తులలో స్రావాలు తగ్గేవరకు వైద్యులు కొద్ది నిమిషాలకొకసారి మోతాదును రెట్టింపు చేయడానికి వెనుకనున్న తర్కం ఇదే. అయితే కండరాలలోని నికోటినిక్ గ్రాహకాలపై అట్రోపిన్ పనిచేయదు. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగికి కృత్రిమ శ్వాస తప్పనిసరి.

హైదరాబాదులో పరిశోధన

హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన అమితాభ చటోపాధ్యాయ బృందం సెరటోనిన్ 1ఏ గ్రాహకాన్ని విస్తృతంగా అధ్యయనం చేసింది. కణపు పొరలో కొలెస్టరాల్ తగ్గించినపుడు ఈ గ్రాహకానికి అణువులు అంటుకోవడం కూడా తగ్గుతుందని 2004లో వెల్లడించింది. పై సమీకరణంలో పొర ప్రసక్తే లేదు. దాని ప్రభావాన్ని కూడా చేర్చే నమూనాలను కంప్యూటర్ అనుకరణల సాయంతో నిర్మిస్తున్నారు.