దానం అన్న మాట వెనక

చందుర్తిలోనూ, ఆ చుట్టుపక్కల సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఊళ్లలోనూ వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు మనం ఎరిగిన దృశ్యమే. అండదానం చరిత్రను బీడీతో మొదలుపెట్టడం వింతగా తోచవచ్చు. కానీ ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీ కూడా కార్మికురాలేనని 1966 నాటి చట్టం ఒప్పుకుంది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది. కూలి ఏనాడూ చాలలేదు, పేరు నమోదు కాని వాళ్లు ఎందరో. అయినా వెయ్యి బీడీలకు ఇంత కావాలని కొట్లాడడానికి ఆమెకొక హోదా ఉంది.

అండం ఇచ్చే స్త్రీకి ఆ హోదా రాలేదు. వేరొక స్త్రీ అండంతో బిడ్డల్ని కనడం 1984 నాటికే ఆస్ట్రేలియా, అమెరికాల్లో సాధ్యమైంది. మన దేశంలో ఈ వైద్యం ప్రైవేటు ఆసుపత్రుల్లో విస్తరించాక, 2005లో ఐ.సి.ఎం.ఆర్. మార్గదర్శకాలు వచ్చాయి. 2010 ముసాయిదా బిల్లు ఒక స్త్రీ ఆరుసార్ల దాకా అండాలివ్వవచ్చంది. 2021 చట్టం జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకూడదు అంది. అమ్మకాన్ని నిషేధించింది. మధ్యవర్తుల ద్వారా దాతలను తెచ్చుకోవడం నేరమంది.

ఆరు ఒకటి కావడం మంచిదే. రోజుల తరబడి హార్మోను ఇంజెక్షన్లు, మత్తిచ్చి సూదితో అండాలు తీయడం, ఒక్కోసారి అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరడం... ఇదంతా ఓర్చుకునేది ఆమె. డాక్టరుకు ఫీజు, లేబొరేటరీకి ఫీజు, బ్యాంకుకు ఫీజు. ఆమె ఒక్కతే దాత! దానమంటే కలిగినవాళ్లు లేనివాళ్లకు ఇచ్చేదని కదా మనకు తెలిసింది?

అవసరం తీరలేదు, అందుకే మధ్యవర్తీ పోలేదు. 2025 ఆగస్టులో హైదరాబాదు శివార్లలో అండాల వ్యాపారం, అక్రమ సరోగసీ ఆరోపణల మీద ఒక తల్లినీ కొడుకునీ అరెస్టు చేశారు. ఆ తల్లి ఒకప్పుడు అండాలిచ్చిన మనిషేనని పోలీసులు చెప్పారు. ఆరోపణ రుజువయ్యేదీ కానిదీ కోర్టు తేలుస్తుంది. నన్ను ఆపింది ఆ ఒక్క వివరమే. డబ్బుకు కటకటలాడే మరో ఆడమనిషి ఎవరి మాట నమ్ముతుంది? సూది నొప్పి తెలిసినదాని మాటే కదా! ఏ ఆసుపత్రి, ఎన్ని రోజులు, ఇంట్లో ఏం చెప్పాలి - అన్నీ తెలిసిన మనిషి. ఆ అనుభవానికి చట్టంలో చోటు లేదు, బజారులో ఉంది. దాతకు చట్టం రాసిచ్చింది బీమా. అది పన్నెండు నెలలకు.