లిపి లేకపోతే భాష కాదా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

పోయిన నెల ఒంటిమిట్టలో బస్సు కోసం నిలబడి మా యాడితో ఫోన్లో మాట్లాడతాండా. పక్కన ఉన్న పెద్దాయన "అదేం భాష అబ్బీ?" అని అడిగినాడు. సుగాలోళ్ల భాష, గోర్ బోలి అంటారు అని చెప్పినా. "దానికి లిపి ఉందా?" అన్నాడు. లేదన్నా. "అయితే భాష కాదులే, ఊరికే మాట్లాడుకునే మాట" అన్నాడు. ఎగతాళిగా ఏం అనలేదు, అందరికీ తెలిసిందే చెప్పినట్టు చెప్పినాడు. నాకు జవాబు దొరకలేదు. హాస్టల్‌కు వచ్చినాక కొన్ని పుస్తకాలు తిరగేసినా. తెలిసింది రాస్తాండా.

ముందు ఆ పెద్దాయన మాట్లాడే తెలుగు సంగతే చూద్దాం. మన కడప జిల్లాలోనే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఒక శాసనం ఉంది. రేనాటి చోళుల్లో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది. క్రీ.శ. 575 నాటిదని, పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మొదటిదని చెప్తారు. అంతకు ముందు ఈ నేల మీద రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో శాసనాలు రాయించినారు. మరి దానికి ముందు రేనాటి రైతు ఎడ్లను అదిలించింది, తల్లి బిడ్డను పిలిచింది ఏ భాషలో? తెలుగులోనే కదా. రాయి మీదికి ఎక్కేదాకా అది భాష కాదంటామా?

ఇంకో సంగతి. రాత నేర్చుకున్నాక మన చెవి కూడా మారుతుంది. 'చుట్ట' అనండి, 'చిలుక' అనండి. రెండు చ లకూ నాలుక ఒకే చోట తగలదు. పాత వ్యాకరణాల్లో వీటికి దంత్య చ, తాలవ్య చ అని వేరే పేర్లే ఉన్నాయి. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చుకున్న బ్రౌన్ దొర తన నిఘంటువులో దంత్య చ కు వేరే గుర్తు పెట్టినాడు. కానీ మన పలక మీద ఉన్నది ఒక్కటే చ. అందుకే ఎవర్ని అడిగినా రెండూ ఒకటే అంటారు. బండి ర కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఆ శబ్దం మామూలు ర లో ఎప్పుడో కలిసిపోయింది, అక్షరం మాత్రం చానా కాలం నిలిచింది. 'గుఱ్ఱం' అని రాసినోళ్లకు అక్కడ ఏదో గట్టి ర ఉన్నట్టు అనిపిస్తుంది. 'గుర్రం' అని నేర్చుకున్న మనకు అనిపించదు.

1979లో పోర్చుగల్‌లో చేసిన ఒక పరిశోధన ఉంది. చదువురాని పెద్దోళ్లను మాటలో మొదటి శబ్దం తీసేసి పలకమన్నారు. ఎక్కువమందికి చేతకాలేదు. వాళ్లలాంటోళ్లే, పెద్దయినాక చదవడం నేర్చుకున్నోళ్లు, చానావరకు చేయగలిగినారు. మొదటోళ్లకు చెవులు లేవా, తెలివి లేదా? రెండూ ఉన్నాయి. మాటను అట్లా ముక్కలు చేసి చూడ్డం అక్షరాలు నేర్పే పని.

ఇప్పుడు మా తండాకు వద్దాం. గుర్రాన్ని మేం ఘోడో అంటాం. ఇంటిని ఘర్ అంటాం. చుట్టుపక్కల ఊర్లలో చానామంది ఘంటను గంట అనే పలుకుతారు. బడి మొహం చూడని మా అవ్వ మాత్రం ఆ ఘ ను ఒక్కసారి కూడా తప్పదు. నా చిన్నప్పుడు ఒక సారు ఒత్తక్షరాలు చెప్తా "మీకు ఇవి నోరు తిరగవులేరా" అంటే తల దించుకున్నా. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో పలికే శబ్దమే అదని నాకే తెలీలేదు. ఘ అంటే పుస్తకంలోని సంస్కృతం మాటలకే అనుకున్నా. మా మాటను ఆ అక్షరంతో రాసి ఎవరూ చూపించలేదు మరి.

మా భాషను ఇక్కడ తెలుగు లిపిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. దేవనాగరిలో ఘర్ అనడానికి ఘ, ర పక్కపక్కన రాస్తే చాలు. తెలుగులో పొల్లు పెట్టాల్సిందే, లేకపోతే 'ఘర' అయిపోతుంది. అక్కడి పిల్లోడు రాసింది నేను చదవలేను, వాయిస్ మెసేజ్ పెడితే మాత్రం అర్థమైపోతుంది. రాత మూడు ముక్కలైనా మాట ఒక్కటే. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పినోళ్లు 32 లక్షలకు పైనే. కానీ ఆ లెక్కను హిందీ కింద కలిపినారు.

ఆదిలాబాద్ వైపు గుంజాల అనే ఊర్లో గోండీ భాషకు సొంత లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడినాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. మంచిదే, గర్వంగానే ఉంది. కానీ ఆ ప్రతులు దొరకక ముందు రోజు కూడా గోండీ భాషే.

లిపి వద్దని నేను అనడంలేదు. లిపి జల్లెడ లాంటిది, దాంట్లోంచి కిందికి జారిపోయినవి కూడా గింజలే. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకున్నా. మా అవ్వ మాటలు ఫోన్లో రికార్డు చేసి, చెవికి ఎట్లా వినపడితే అట్లా తెలుగు అక్షరాల్లో రాస్తాండా. ఏ అక్షరమూ సరిపోని చోట పక్కన చుక్క పెడతాండా. ఎరుకల తమ్ముళ్లు మీ కుర్రు భాషకు, మిగతావాళ్లు మీ మీ భాషలకు ఇట్లాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దోళ్లు ఉన్నప్పుడే చేయాల్సిన పని ఇది.

ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే కలమళ్ల శాసనం గురించి చెప్తా. ఆయన తెలుగు గురించే కాబట్టి వింటాడనే అనుకుంటాండా.