కుంకుడు రసం, సున్నం నీళ్లు, జిడ్డు తల

పొద్దున తలస్నానం చేస్తే సాయంత్రానికల్లా జుట్టు మాడుకి అంటుకుపోతోందన్న మాట మా జగ్గయ్యపేట, నందిగామ వైపు ఆడపిల్లలున్న ఇళ్లల్లో తరచూ వినేదే. మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చాక మా ఇంట్లోనూ మొదలైంది. బడిలో ఎవరో "జిడ్డు తల" అన్నారట, నూనె సీసా చూస్తేనే మొహం ముడుస్తోంది. మా అత్తయ్యగారేమో నూనె పెట్టకపోతే జుట్టు ఎండిపోతుందంటారు. అసలు మన ఆడవాళ్లు ఇన్నేళ్లూ ఈ జిడ్డుతో ఎలా నెగ్గుకొచ్చారు?

ముందు ఒక మాట. ఈ జిడ్డు మురికి కాదు. వెంట్రుకల కుదుళ్ల దగ్గరుండే గ్రంథుల్లో ఊరే నూనె. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల ఎక్కువ ఊరుతుంది. పిల్ల శుభ్రంగా లేదని దెప్పడం అన్యాయం.

రెండోది మన నీళ్లు. మనది సున్నపురాయి నేల. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపానికి రెండువేల ఏళ్ల కిందట చెక్కిన పలకలు సున్నపురాయివే. మాంధాత చక్రవర్తి బొమ్మ ఉన్న పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ ఈ రాయి కోసమే. ఆ నేలలోంచి తోడిన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. ఒంటిసబ్బుతో తల రుద్దితే సబ్బు, కాల్షియం కలిసి తెల్లటి మడ్డిలా మారి జుట్టుకి పట్టుకుంటుంది. జిడ్డు మీద ఇంకో జిడ్డన్నమాట.

కుంకుడుకాయకి ఆ బాధ లేదు. దాని పై తొక్కలో ఉండే సాపోనిన్లు నురగనిస్తాయి, సబ్బులా కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. పట్టుచీరలు ఉతకడానికీ, నగలు కడగడానికీ అదే వాడేవాళ్లం. భోగినాడూ, దీపావళికీ తలంటంటే కుంకుడు రసమే. కళ్లు మండితే నోట్లో ఉప్పుకల్లు వేసేవాళ్లు.

షాంపూ అనే మాట కూడా మన దేశానిదే. హిందీ "చాంపో", అంటే మర్దన చెయ్యి అని. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1814 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో పెట్టిన షాంపూ స్నానాలు మర్దన స్నానాలే. సబ్బు లేకుండా రసాయనాలతో చేసే షాంపూలు 1930లలో అమెరికాలో వచ్చాయి. మన పల్లెలకి చేర్చింది మాత్రం ప్యాకెట్టు. తమిళనాడు కడలూరులో చిన్నికృష్ణన్ గారు షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మారు. ఆయన కొడుకు రంగనాథన్ గారు 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టారు. సీసా కొనలేని ఇంటికి కూడా షాంపూ వచ్చింది.

దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, పిసికి, వడకట్టి, కాగునిండా నీళ్లు కాచి ఇంటిల్లిపాదికీ తలంటడం ఒక ఆడమనిషికి పూటంతా పని. ఆ పూట మనకి మిగిల్చింది ప్యాకెట్టే.

ఇప్పుడు మా ఇంట్లో రెండూ ఉన్నాయి. ఆదివారం ఏడెనిమిది కుంకుళ్లు గింజ తీసి, ముందురోజు రాత్రే వేడినీళ్లలో నానేసి, పిసికి గుడ్డలో వడకడతాను. రెండుసార్లు రుద్దుతాను. మొదటిసారి నురగ రాదు, జిడ్డు తినేస్తుంది. వారం మధ్యలో ఒకసారి మామూలు షాంపూ, మాడు మీద మాత్రమే. చివరి రెండు చెంబులు కాచి చల్లార్చి తేర్చిన నీళ్లు. కాస్తే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర, జుట్టుకి పట్టాల్సిన సున్నమే! వానాకాలంలో అయితే చూరునీళ్లు పడతాను. నూనె తలస్నానానికి గంట ముందు, జడ కొసలకే. ఎండిపోయేది కొసలు కాబట్టి అత్తయ్యగారి మాటా పోలేదు.

పొట్టు రాలుతూ దురద కూడా ఉంటే మాత్రం నూనె పూర్తిగా ఆపండి. చుండ్రుకి కారణమైన ఈస్టుకి ఆ నూనే మేత. నెలలోపు తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించండి.