కర్నీ వీధి ముసలమ్మ

2026 జూన్ 22 నాటికి అమెరికాలో బెయిలు సంస్కరణ చట్టానికి 60 ఏళ్లు. చేతిలో డబ్బు లేదన్న ఒక్క కారణంతో విచారణకు ముందే మనిషిని జైల్లో ఉంచడం అన్యాయమని ఆ దేశం కాగితం మీద ఒప్పుకున్నది 1966లో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో. అయితే ఆ చట్టం కేంద్ర న్యాయస్థానాలకే పరిమితం. చిన్నాచితకా కేసులు దాదాపు అన్నీ నడిచేది రాష్ట్రాల కోర్టుల్లో.

అక్కడ చాలాచోట్ల ఇప్పటికీ జరుగుతున్నది ఇది. చెల్లని లైసెన్సుతో కారు నడిపాడనో, దుకాణంలో సరుకు ఎత్తుకుపోయాడనో ఒకణ్ని పట్టుకుంటారు. మిస్‌డిమీనర్ అనే ఈ తరహా నేరాలకు చాలాచోట్ల ఏడాదికి మించి శిక్ష ఉండదు. వేలిముద్రలు, ఫొటో తీసుకున్నాక, ఏ నేరానికి ఎంత బెయిలో ముందే రాసిపెట్టుకున్న పట్టిక చూస్తారు. 2,500 డాలర్లనుకుందాం. మొత్తం కట్టగలిగినవాడు కట్టి బయటికి వస్తాడు, వాయిదాలన్నిటికీ హాజరైతే కేసు ముగిశాక ఆ డబ్బు వెనక్కి వస్తుంది. కట్టలేనివాడు జైలు ఎదురుగా బోర్డు వేలాడే బెయిల్ బాండ్ల దుకాణానికి ఫోన్ చేయిస్తాడు. వాళ్లు సాధారణంగా నూటికి పది చొప్పున 250 డాలర్లు తీసుకుని కోర్టుకు పూచీకత్తు రాసిస్తారు. మర్నాడే కేసు కొట్టేసినా ఆ 250 తిరిగి రాదు. పైగా అన్నో, మేనమామో వచ్చి సంతకం పెట్టాలి. నిందితుడు వాయిదాకు రాకపోతే మొత్తం సొమ్ము ఆ సంతకం పెట్టినవాడి నెత్తిన పడుతుంది. ఆ 250 కూడా లేనివాడు లోపలే ఉండిపోతాడు. నాలుగు రోజులు పనికి రాకపోతే ఉద్యోగం ఉంచేవాళ్లు ఎందరు? నేరం ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి పంపుతామన్నప్పుడు, చేయని తప్పును కూడా ఒప్పుకునేవాళ్లు అందుకే ఉంటారు.

పూచీకత్తు పద్ధతి పాతది. ఏ నేరాలకు బెయిలివ్వాలో, వేటికి ఇవ్వకూడదో ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం విడదీసి చెప్పింది. మితిమీరిన బెయిలు అడగరాదని 1689 నాటి హక్కుల పత్రం అంది. ఆ మాటే 1791లో అమెరికా రాజ్యాంగంలోకి ఎనిమిదో సవరణగా వచ్చింది. ఈ శతాబ్దాలన్నిటా పూచీ పడేవాడు తెలిసినవాడే, బంధువో, ఇరుగుపొరుగో. తన ఆస్తిని పణంగా పెట్టేవాడు తప్ప రుసుము తీసుకునేవాడు కాదు. పూచీదారుకు నష్టం రాకుండా నిందితుడే సొమ్ము ముట్టజెప్పే ఒప్పందం చెల్లదని ఇంగ్లండు కోర్టులు తేల్చాయి. మన దేశంలోనూ అటువంటి ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లనిదిగానే చూస్తారు.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన జనం, పక్కింటివాడే పరాయివాడైన ఊళ్లు. పూచీ పడే మనిషి దొరకనిచోట దాన్ని అమ్మే మనిషి పుట్టుకొచ్చాడు. ఆ పుట్టుక గురించి ఎంత చదివినా నాకు తనివి తీరదు.

1898 ప్రాంతపు శాన్‌ఫ్రాన్సిస్కో. కర్నీ వీధిలో హాల్ ఆఫ్ జస్టిస్ ఉండేది. కోర్టులు, పోలీసులు, లాకప్పు అన్నీ దాని చుట్టూనే. ఆ దగ్గర్లో మెక్‌డోనా కుటుంబానికి ఒక బార్. సాయంత్రమయ్యేసరికి వకీళ్లు అక్కడ చేరేవారు. తమ కక్షిదారుకు కాస్త బెయిలు సొమ్ము సర్దమని అడిగితే కొడుకులు పీటర్, టామ్ స్నేహానికి సర్దేవారు. వకీళ్లు ఆ సాయానికి కక్షిదారుల దగ్గర డబ్బు గుంజుతున్నారని కొన్నాళ్లకు అన్నదమ్ములకు తెలిసింది. ఆ రుసుమేదో మేమే తీసుకుంటే సరి అనుకున్నారు. అమెరికాలో బెయిల్ బాండ్ల వ్యాపారానికి ఆ బార్‌నే పుట్టిల్లుగా చెబుతారు.

చోటు కూడా అలాంటిది. బార్బరీ కోస్ట్ అనే పేటలోని నాట్యశాలలు, జూదపు ఇళ్లు, వేశ్యాగృహాలు అక్కడికి నడకదూరం. రాత్రి తెల్లవార్లూ అరెస్టులే, అన్నీ చిన్న నేరాలే. మెక్‌డోనాల దుకాణానికి జనం పెట్టిన పేరు ‘కర్నీ వీధి ముసలమ్మ’. 1906 భూకంపంలో, మంటల్లో ఊరు సగానికిపైగా బూడిదైంది, హాల్ ఆఫ్ జస్టిస్ కూలింది. మళ్లీ కట్టారు, దానితోపాటు ముసలమ్మా నిలబడింది. మద్యనిషేధం రోజుల్లో పీటర్ స్వయంగా జైలుకు వెళ్లి వచ్చాడు. అయినా వ్యాపారం ఆగలేదు.

పూచీకత్తు అమ్మేవాడికి ఎవరు అరెస్టవుతారో ముందే తెలిస్తే లాభం. ఎవరు అరెస్టవ్వాలో తానే చెప్పగలిగితే ఇంకా లాభం. ముసలమ్మ నడిచింది ఆ దారిలోనే. పోలీసుల లంచాల సంగతి తేల్చమని డిస్ట్రిక్ట్ అటార్నీ మాథ్యూ బ్రేడీ హయాంలో ఎడ్విన్ ఆథర్టన్ అనే మాజీ ఎఫ్‌బీఐ అధికారిని నియమించారు. 1937లో ఆయన ఇచ్చిన నివేదిక ఊరిని కుదిపేసింది. పోలీసులకూ వాళ్ల మనుషులకూ ఏటా పది లక్షల డాలర్లదాకా ముడుతోందని లెక్కగట్టాడు. మెక్‌డోనాల అనుమతి లేకుండా ఊళ్లో వేశ్యాగృహం గానీ జూదశాల గానీ నడవదన్నాడు. అవినీతి ఊట అంతా ఆ దుకాణంలోనే ఉందని తేల్చాడు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో బెయిల్ బాండ్లు రాసేవాళ్లకు లైసెన్సు తప్పనిసరైంది, పీటర్‌కు అది దక్కలేదు. 1941 నాటికి దుకాణం మూతపడింది. అప్పటికే ఆ పద్ధతి దేశమంతా పాకిపోయింది. 1960లలో హాల్ ఆఫ్ జస్టిస్‌నూ పడగొట్టారు, ఆ స్థలంలో ఇప్పుడున్నది హోటల్.

పీటర్ తెలివికి అబ్బురపడతాను. కానీ ఆ గల్లాపెట్టెలో పడిన ప్రతి డాలరూ లాకప్పులో ఉన్న ఎవరో పేదమనిషిది.

ఆ గల్లాపెట్టె లేకుండానే మనుషులు కోర్టుకు వస్తారని చూపించింది న్యూయార్క్. 1961లో లూయిస్ ష్వైట్జర్ అనే వ్యాపారి, హెర్బర్ట్ స్టర్జ్ అనే పత్రికా సంపాదకుడు కలిసి వెరా ఫౌండేషన్ పెట్టారు. న్యాయవిద్యార్థులు లాకప్పులకు వెళ్లి నిందితులను అడిగిన ప్రశ్నలు మామూలువి: ఎక్కడ ఉంటున్నావు, ఎన్నేళ్ల నుంచి, పనేమిటి, ఇంట్లో ఎవరున్నారు? ఊళ్లో వేళ్లూనుకున్నాడని తేలినవాణ్ని సొంత పూచీ మీద వదలమని జడ్జికి చెప్పేవారు. మూడేళ్లలో అలా దాదాపు 3,500 మంది బయటికొచ్చారు. కావాలని ఎగ్గొట్టినవాళ్లు 1.6 శాతం. జాన్సన్ సంతకం వెనక ఉన్న బలం ఈ అంకె.

ఆ గాలి మన సుప్రీంకోర్టుకూ తగిలింది. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి బెయిలు వచ్చినా, కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల ష్యూరిటీ అడిగాడు. అన్న ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పిపంపాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆగ్రహించారు. మలయాళీయో తెలుగువాడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న ష్యూరిటీని ఎక్కడినుంచి తెస్తాడని తీర్పులోనే నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద మోతీరాంను వదలమన్నారు. మరుసటి ఏడు హుస్సైనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి, అమెరికాలో వచ్చిన ఈ కొత్త ఆలోచన మన కోర్టులకూ దారి చూపాలన్నారు. బెయిలు ఇవ్వదగ్గ నేరంలో వారం రోజుల్లోగా పూచీకత్తు తేలేనివాణ్ని నిరుపేదగా భావించి సొంత బాండు మీదే వదలాలన్న నిబంధన 2005 సవరణతో మన నేర విచారణ ప్రక్రియా స్మృతిలో చేరింది. అయినా ష్యూరిటీల కోసం కోర్టు మెట్ల దగ్గర పడిగాపులు కాసే కుటుంబాలు మన జిల్లా కేంద్రాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

ఇక అమెరికాలో ఆ తర్వాతి కథకు ఒక వరుస లేదు. 1976లో కెంటకీ బెయిల్ బాండ్ల వ్యాపారాన్నే నిషేధించింది. 1984లో కేంద్రం వెనక్కి జరిగి, ప్రమాదకరం అనుకున్నవారిని విచారణకు ముందు నిర్బంధించే వీలు కల్పించింది. మనవాళ్లు వేలల్లో స్థిరపడిన హ్యూస్టన్ ఉన్నది హారిస్ కౌంటీలో. చెల్లని లైసెన్సు కేసులో 2,500 డాలర్లు కట్టలేని ఒక మహిళ 2016లో అక్కడ దావా వేసింది. మరుసటి ఏడాది న్యాయమూర్తి లీ రోసెంథాల్, చిన్న కేసుల్లో కౌంటీ బెయిలు పద్ధతి రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2019లో రాజీ కుదిరి చాలా చిన్న కేసుల్లో డబ్బు అడగడం మానేశారు. ముసలమ్మ పుట్టిన కాలిఫోర్నియాలో నగదు బెయిలు రద్దు చేస్తూ 2018లో చట్టం చేశారు. బెయిల్ బాండ్ల వ్యాపారులు దాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు లాగారు, 2020లో ఓటర్లు దాన్ని తోసిపుచ్చారు. న్యూయార్క్ 2020లో చిన్న కేసులకు బెయిలు సొమ్ము చాలామటుకు తీసేసి, ఆ తర్వాత పలుమార్లు నిబంధనలు బిగించింది. నగదు లేని బెయిలు పాటించే ప్రాంతాలకు కేంద్ర నిధులు ఆపే దిశగా 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు.

ఇల్లినాయ్ మాత్రం 2023 సెప్టెంబరు 18 నుంచి బెయిలు సొమ్మునే పూర్తిగా ఎత్తేసింది. షికాగోలో చిన్న కేసులో పట్టుబడ్డ కుర్రాణ్ని ఇప్పుడు ఎవరూ డబ్బడగరు. అరగంట కారు ప్రయాణం చేసి సరిహద్దు దాటితే ఇండియానా. అక్కడ అదే కేసులో పట్టుబడితే బాండ్ల దుకాణానికి ఫోన్ చేయవలసి రావచ్చు.