రాజుగారు ఒక్క రాత్రి మేలుకొని ఉంటే

మొన్న సంక్రాంతి సెలవులకి మా అన్నయ్య మనవరాలు బెంగుళూరు నుంచి హిందూపురం వచ్చింది. వచ్చిన పిల్ల ఊరికే ఉంటుందా? రాత్రి భోజనాలయ్యాక, పండక్కని చేరిన ముసలాళ్ళందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టి, "అవ్వా, మీకొక మంచి సినిమా చూపిస్తా" అంది. ఏ భక్తి సినిమాయో కాబోలనుకుని మా పెనుకొండ పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ సర్దుకు కూర్చుంది. తీరా చూస్తే అది 'అండర్‌వరల్డ్'. 2003లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. నెత్తురు తాగి బతికే పిశాచాలు ఒక పక్షం, మనుషులుగా తిరుగుతూనే తోడేళ్ళయిపోయేవాళ్ళు ఇంకో పక్షం. వందల ఏళ్ళుగా ఇద్దరికీ యుద్ధం. ఇప్పుడు కత్తులు పోయి తుపాకులొచ్చాయి, అంతే తేడా.

మా పెద్దమ్మకి ఎనభై ఆరేళ్ళు. ధర్మవరం నుంచి వచ్చిన మా అత్తకి డెబ్భై ఎనిమిది. పక్కన నేను. పిల్ల మధ్యలో కూర్చుని ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెబుతూంటే మేం వింటూ చూశాం. మా వాళ్ళ అభిప్రాయాలు మొదటి పది నిమిషాల్లోనే మొదలైనాయి.

"ఏందే ఈ చీకటి? వాళ్ళింట్లో కరెంటు లేదా?" అంది పెద్దమ్మ. నిజమే, సినిమా అంతా నీలం రంగు చీకటే, పైన వాన. కథానాయిక సెలీన్ నల్లటి తోలు దుస్తులు బిగుతుగా వేసుకుని మేడమీంచి దూకుతుంది. మా అత్త ఆ దుస్తుల్ని ఎగాదిగా చూసి, "అవి తొడుక్కునేకి ఎంతసేపు పడతాదో పాపం" అని సానుభూతి చూపించింది. పిశాచాల్లో ముగ్గురు పెద్దలున్నారనీ, ఒక్కొక్కరు ఒక్కో వందేళ్ళు ఏలితే మిగతా ఇద్దరూ శవపేటికల్లో నిద్రపోతారనీ పిల్ల చెప్పగానే, "గుళ్ళో పూజార్ల వంతు మాదిరి" అని తేల్చేసింది. నెత్తురు తాగడం చూసి దడుచుకుంటారేమో అనుకున్నాను గానీ, కాళికమ్మ రక్తబీజుడి నెత్తురు నేల రాలకుండా తాగిన కథ చిన్నప్పటినుంచీ వింటున్నవాళ్ళు వీళ్ళేం దడుచుకుంటారు!

మనకి నెత్తురు తాగే రాక్షసులు పురాణాల్లోంచి వస్తే, దొరలకి పుస్తకంలోంచి వచ్చారు. బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' నవల 1897లో రాశాడు. 1922లో జర్మనీ వాళ్ళు 'నోస్ఫెరాటు' అని మూగ సినిమా తీశారు. 1931లో బేలా లుగోసి డ్రాక్యులా వేషం కట్టాడు. 1941లో 'ది వుల్ఫ్ మ్యాన్' అని మనిషి తోడేలయ్యే సినిమా వచ్చింది. 1944కల్లా ఈ రెండు రకాలనీ ఒకే సినిమాలోకి తెచ్చారు. తర్వాత అరవై ఏళ్ళకి తుపాకులిచ్చి ఒకరిమీదికొకర్ని వదిలారు.

అక్కడ మగవాడు తోడేలైన మరుసటి ఏడాదే, అంటే 1942లో, మన సినిమాలో ఒక రాణి కుక్క అయింది. జెమినీ వారి 'బాలనాగమ్మ'. సి. పుల్లయ్య తీసిన సినిమా. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. వాడు భిక్షకుడిలా వాకిట్లో నిలబడి, ఆమెను కుక్కగా మార్చి తీసుకుపోతాడు. తేడా చూశారా? అక్కడ మనిషి తనంతట తాను మృగమైపోయి ఊరిమీద పడతాడు. ఇక్కడ ఆడదాన్ని ఇంకొకడు మృగాన్ని చేసి ఇల్లు దాటిస్తాడు. ఆ కథ సినిమాకంటే ముందే బుర్రకథగా, నాటకంగా ఊరూరా తిరిగింది గనక, మన ఆడవాళ్ళకి అది కొత్తేం కాదు.

ఇదంతా నేను గొణుక్కుంటూంటే పెద్దమ్మ మధ్యలో అందుకుంది. "ఇదంతా మేం చూసిందేలేమ్మా. 'కీలుగుర్రం'లో లేదూ?"

'కీలుగుర్రం' 1949లో వచ్చింది. మీర్జాపురం రాజావారు తీశారు, ఘంటసాల సంగీతం. వేటకెళ్ళిన రాజు అడవిలో ఒక అందగత్తెను చూసి మోహించి ఇంటికి తెచ్చుకుంటాడు. ఆమె రాక్షసి. పగలు రాణి, రాత్రయితే అసలు రూపం. సాలల్లో గుర్రాల్నీ, ఏనుగుల్నీ తినేస్తుంది. ఆ నింద మాత్రం పెద్దరాణి మీద వేస్తుంది. రాజు నమ్మేసి, గర్భిణిగా ఉన్న పెద్దరాణిని అడవికి తీసుకుపోయి చంపమంటాడు. భటులకి జాలి కలిగి వదిలేస్తారు. ఆమెకి పుట్టిన కొడుకే అక్కినేని నాగేశ్వరరావు. కొయ్యగుర్రమెక్కి ఆకాశంలో ఎగిరి, రాక్షసి గుట్టు బయటపెడతాడు. పగలొక రూపం, రాత్రొక రూపం, జంతువుల్ని చంపి తినడం... మన పిల్ల చూపించిన తోడేళ్ళకీ పిశాచాలకీ ఇంతకన్నా ఏం కావాలి? గుర్రం ఎగరడం అదనం.

పెద్దమ్మ ఆ సినిమాని పదేళ్ళ పిల్లగా డేరా టాకీసులో చూసిందట. ఆ రోజుల టూరింగ్ టాకీసు సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. రీళ్ళు మార్చడానికి మాటిమాటికీ ఆపి దీపాలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు ఇసకమీద కూర్చునేవాళ్ళు. ఆ ఆపిన నాలుగైదు నిమిషాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి లేచిన గోలని ఏ పత్రికవాడూ రాసుకోలేదు. సమీక్షలు రాసేవాళ్ళంతా మద్రాసులో ఉండేవాళ్ళు, పైగా దాదాపు అందరూ మగవాళ్ళు. ఛాయాగ్రహణం బాగుంది, హాస్యం పండలేదు - ఇవీ వాళ్ళ అభిప్రాయాలు. అంతకన్నా తోలుబొమ్మలాటే నయం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. అందులో బంగారక్క, కేతిగాడు మధ్యమధ్య వచ్చి నవ్వించిపోతారు. చూసేవాళ్ళ నోట్లో మాట ఎన్నోసార్లు వాళ్ళే అనేస్తారు.

"మరి ఆ వేళ ఆడవాళ్ళేమనుకున్నారు పెద్దమ్మా, రాక్షసిని చూసి భయపడ్డారా?" అని అడిగాను.

"రాక్షసి అంటే ఏంది, దాని తిండి అది తినె. దాన్ని ఎవురూ తిట్టలేదు. తిట్లన్నీ రాజుకే. గుర్రాలు పోతాండాయని తెలిసె గదా, ఒక్క రాత్రి మేలుకొని చూసింటే ఏం పోతాది? నిద్రపోయినోడు తీర్పు చెప్పేదేంది? మా అమ్మ అయితే లైట్లేసినప్పుడల్లా అదే మాట."

ఈ మాటకి నేను నిజంగా నివ్వెరపోయాను. 'కీలుగుర్రం' గురించి మాట్లాడేవాళ్ళెవరైనా నాగేశ్వరరావు గురించి చెబుతారు, ఘంటసాల గురించి చెబుతారు, ఎగిరే గుర్రం గురించి చెబుతారు. రాజుగారి నిద్ర గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇంకో సంగతి. ఆ రాక్షసి వేషం వేసింది అంజలీదేవి. గర్భిణి రాణిని అడవికి పంపించిన ఆ అంజలీదేవే, 1963లో 'లవకుశ'లో సీతమ్మగా, తానే గర్భిణిగా, ఎవడో అన్న మాటకి అడవిపాలైంది. ఆ సినిమా మొదలుపెట్టింది 'బాలనాగమ్మ' తీసిన సి. పుల్లయ్యగారే, పూర్తి చేసింది ఆయన కుమారుడు సి.ఎస్. రావుగారు. పద్నాలుగేళ్ళ కిందట రాక్షసిగా చూసి జడుసుకున్న మనిషినే, మా పెద్దమ్మ తరంవాళ్ళు సీతగా చూసి కుళ్ళికుళ్ళి ఏడ్చారు. ప్రేక్షకులకి జ్ఞాపకశక్తి తక్కువని కొందరంటారు. నాకలా అనిపించదు. వాళ్ళకి అడవికి పోయింది ఎవరన్నదే ముఖ్యం. మా హిందూపురం సంగతే చూడండి, 1951 నాటి 'పాతాళభైరవి' తోటరాముణ్ణి 1985లో శాసనసభకి పంపించిన ఊరు మాది. వేషాల్ని మరిచిపోయేవాళ్ళం కాదు మేము.

సరే, ఇంగ్లీషు సినిమా దగ్గరికి వస్తాను. సగం దాటేసరికి పెద్దమ్మ కునికిపాట్లు పడుతోంది. అప్పుడు అసలు గుట్టు బయటపడింది. ఒకప్పుడు సెలీన్ ఇంటిల్లిపాదినీ ఎవరో చంపేశారు. తోడేళ్ళు చంపాయని చెప్పి, పిశాచాల పెద్ద విక్టర్ ఆమెను చేరదీసి పెంచాడు. ఆ పగతోనే ఆమె ఇన్నేళ్ళూ తోడేళ్ళని వేటాడింది. తీరా చూస్తే చంపింది తోడేళ్ళు కావు. పెంచిన విక్టరే. ఇంకా వెనక్కి పోతే, ఒకప్పుడు తోడేళ్ళు వీళ్ళకి బానిసలు. వాళ్ళలో ఒకణ్ణి ప్రేమించి కడుపుతో ఉన్న సొంత కూతుర్ని విక్టరే ఎండకి బలిచ్చి కాల్చి చంపించాడు. యుద్ధమంతా అక్కడ పుట్టింది.

"కడుపుతో ఉన్నదాన్నా!" అంది మా అత్త, ఒళ్ళో చక్కిలాల పళ్ళెం పక్కన పెట్టి. పెద్దమ్మ నిద్ర ఎగిరిపోయింది. ఇక అక్కణ్ణుంచి ఆ పిల్లని వాళ్ళు ఊపిరి తీసుకోనివ్వలేదు. ఏమన్నాడు, ఎందుకన్నాడు, ఈమె ఇప్పుడేమంటోంది? చివర సెలీన్ కత్తితో విక్టర్ తల తెగ్గొడితే ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. చీకటి, తోలు దుస్తులు, తుపాకులు అన్నీ మరిచిపోయారు.

మా ప్రాంతం వాళ్ళకి ఈ కథ ఇంత తొందరగా ఎక్కడానికి కారణం ఉందేమో. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ ఆ గుడి కట్టించాడు. రాజు సెలవు లేకుండా ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడని ఎవరో చాడీ చెప్పారట. కళ్ళు పీకించమని ఆజ్ఞ అయిందట. ఆ ఆజ్ఞ వచ్చేలోపల విరూపణ్ణ తన కళ్ళు తానే పెరుక్కుని గోడకేసి కొట్టాడని చెప్పి, గోడమీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. చరిత్రకారులు దీన్ని ఒప్పుకుంటారా అంటే అది వేరే మాట. మేం మాత్రం చిన్నప్పుడు ఎన్నిసార్లు లేపాక్షి వెళ్ళినా, పైకప్పు మీద అంత గొప్ప బొమ్మలు వదిలేసి, ముందు ఆ మరకల దగ్గరికే పరుగెత్తేవాళ్ళం.

సినిమా అయిపోయాక పిల్ల టీవీ ఆపేసింది. అత్త లేవలేదు. కాసేపుండి, "మా వీధిలోనూ అట్లే అయె" అంది.

యాభై ఏళ్ళ కిందటి మాట. ధర్మవరంలో వాళ్ళది నేతవాళ్ళ వీధి. వరసగా మగ్గాలు. ఒక ఇంట్లో పొద్దున లేచేసరికి పట్టు పడుగు పోగులు తెగిపోయి ఉన్నాయి. మర్నాడు ఇంకో ఇంట్లో. పట్టంటే మాటలా, అప్పు తెచ్చిన పట్టు! వీధి చివర ఒక్కతే ఉండే ఒకామె రాత్రిళ్ళు దీపం పెట్టుకుని మేలుకొని ఉంటుందనీ, ఇది చేతబడేననీ ఎవరో అన్నారు. అంతే. కొళాయి దగ్గర ఆమె బిందెని ముట్టుకునేవాళ్ళు లేరు. మన వైపు దెయ్యమంటే ఆడదే గదా. 1990ల్లో కన్నడ దేశంలో తలుపులమీద 'నాళె బా' అనీ, మన దగ్గర 'ఓ స్త్రీ రేపు రా' అనీ రాసుకున్నప్పుడు కూడా, ఆ రేపు రావలసింది స్త్రీయే.

ఆ వారంలోనే 'కీలుగుర్రం' మళ్ళీ వచ్చింది. వీధిలో ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా మామూలే, రాజుని తిట్టడం. అప్పుడు మా అత్తకి చటుక్కున తట్టిందట. "మనం మాత్రం మేలుకొని చూస్తిమా?" అని నలుగురి ముందూ అనేసింది. కొందరు నవ్వారు, ఒకరిద్దరికి కోపం వచ్చింది. ముగ్గురు మాత్రం సరేనన్నారు. లాంతరు చిన్నది చేసుకుని, మగ్గం గుంట పక్కన వంతులేసుకుని కూర్చున్నారు. మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి తెల్లవారుజామున చూరుమీంచి దిగి వచ్చాయి - ఎలుకలు. పందికొక్కులంత ఎలుకలు.

"పరిగెత్తుకుంటా పోయి చెబుదామని ఆమింటికి పోతి," అంది అత్త. "తలుపుకు తాళం. ముందురోజు సాయంత్రమే మూట కట్టుకుని రైలెక్కేసిందంట. ఏ ఊరు పోయిందో ఎవురికీ చెప్పలేదు. ఎవురితో చెప్తాది, ఆమెతో మాట్లాడేవాళ్ళు ఉంటే గదా. నేను అనాల్సిన మాట వారం ముందే అనింటే..."

ఇన్నేళ్ళలో ఈ సంగతి అత్త మాతో ఎప్పుడూ అనలేదు. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. పిల్ల మాత్రం ఏం మాట్లాడాలో తెలియక, ఈ సినిమాకి ఇంకా నాలుగు భాగాలున్నాయనీ, 2009 నాటి దాంట్లో ఆ చనిపోయిన కూతురి కథంతా ఉందనీ చెప్పింది. అదే జనవరిలో మన 'అరుంధతి' వచ్చింది. జేజమ్మ తిరిగి పుట్టి పశుపతి పని పట్టినందుకు మా పెద్దమ్మ దాన్ని మూడుసార్లు చూసింది లెండి.

అత్త అదేమీ పట్టించుకోలేదు. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పిల్లనడిగింది:

"తర్వాతి వాటిలో ఆ తోడేళ్ళ దగ్గరికి ఎవురన్నా పోయి, తప్పయిందని చెప్పినారా?"

పిల్ల ఆలోచించింది. "గుర్తులేదవ్వా. రేపు చూసి చెప్తా."

"రేపు నేను ధర్మవరం పోతాండా. ఇప్పుడే పెట్టు."

పన్నెండు దాటుతోంది. పెద్దమ్మ చక్కిలాల పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.